పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఎంత రావాలి? జీతం నుంచి పన్ను దాకా పూర్తి లెక్క

తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీలో రంపం కింద వేళ్లు పోయినా, ఎర్రగుంట్ల వైపు బండ క్వారీలో కాలి మీద రాయి పడినా, ఆదోని జిన్నింగ్ మిల్లులో చెయ్యి మిషన్‌లో ఇరుక్కున్నా, వారం తిరక్కముందే ఇంట్లో వినిపించే మాట ఒకటే: "ఓనరు ఎంతిస్తాడంట?" ఆ మాట దగ్గరే డబ్బు చేజారడం మొదలవుతుంది. ఎంత ఇవ్వాలో ఓనరు మనసును బట్టి ఉండదు. చట్టంలో లెక్క ఉంది. జీతం, వయసు, వైకల్యం శాతం తెలిస్తే ఇంట్లో కూర్చుని పదో తరగతి పిల్లాడు కూడా ఆ లెక్క వేయగలడు. ఓనరు తరఫున వచ్చే పెద్దమనిషి ఒక అంకె చెప్పేలోపు మీ చేతిలో మీ అంకె ఉండాలి. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

ముందుగా చట్టం సంగతి. దాదాపు నూరేళ్ల పాటు ఈ విషయాన్ని 1923 నాటి కార్మికుల పరిహార చట్టం నడిపింది. 2009 సవరణ తర్వాత దాన్ని ఉద్యోగుల పరిహార చట్టం అంటున్నారు. లేబర్ ఆఫీసుల్లో, కోర్టు ఆవరణల్లో మాత్రం ఇప్పటికీ "డబ్ల్యూసీ కేసు" అనే పేరే. 2025 నవంబరు 21న కేంద్రం సామాజిక భద్రతా కోడ్‌ను అమల్లోకి తెచ్చాక ఈ చట్టం అందులో కలిసిపోయింది. అంతకుముందు జరిగిన ప్రమాదమైతే పాత చట్టం ప్రకారమే నడుస్తుంది. లెక్క వేసే సూత్రం మాత్రం రెండింటిలోనూ ఒకటే.

మొదట తేల్చుకోవాల్సింది: ఈఎస్ఐ ఉందా, లేదా

పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) వర్తిస్తుంది. జీతం చీటీలో 0.75 శాతం కోత కనిపిస్తుంటే మీరు ఈఎస్ఐలో ఉన్నట్టే. యజమాని తన వంతుగా 3.25 శాతం కడతాడు. ఈఎస్ఐ వర్తించే కార్మికుడు ఆ గాయానికి ఓనరు మీద డబ్ల్యూసీ కేసు వేయడానికి వీల్లేదు. ఈఎస్ఐ నుంచే తీసుకోవాలి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. యజమాని మీ పేరు నమోదు చేయకపోయినా, మీ చందా కట్టకుండా ఎగ్గొట్టినా మీ హక్కు పోదు. ఈఎస్ఐ సంస్థ మీకు చెల్లించి, ఆ డబ్బును యజమాని దగ్గర వసూలు చేసుకోగలదు. చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా పనిలో తగిలిన గాయానికి సాయం వస్తుంది. ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలనే షరతు ఈ సాయానికి లేదు.

బండ క్వారీలు గనుల చట్టం కిందికి వస్తాయి కాబట్టి సాధారణంగా ఈఎస్ఐకి బయటే ఉంటూ వచ్చాయి. ఇళ్ల కట్టుబడి కూలీలు, లారీ క్లీనర్లు, బోర్‌వెల్ బండి మీద పనిచేసేవాళ్లు, పది మంది కూడా లేని చిన్న షెడ్లలో పనివాళ్లు కూడా చాలావరకు అంతే. వీళ్లందరికీ దారి పరిహార చట్టమే. ఇకపై వచ్చే లెక్క ఎక్కువగా వీళ్ల కోసం. ఈఎస్ఐ లెక్కను మధ్యలో పోల్చి చూపిస్తాను.

లారీ డ్రైవర్లకు, క్లీనర్లకు ఇంకో మాట. రోడ్డు ప్రమాదమైతే మోటారు వాహనాల ట్రిబ్యునల్‌కు పోవచ్చు, లేదా డబ్ల్యూసీ కేసు వేయవచ్చు. రెండింటిలో ఒక్కటే. ఏది లాభమో తేల్చుకున్నాకే సంతకం పెట్టండి.

మొదటి నెలలోనే చేతికి రావాల్సిన కాగితాలు

పరిహారం తగ్గిపోయేది తీర్పు రోజున కాదు, ప్రమాదం జరిగిన మొదటి నెలలో. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు పక్కనున్న మేస్త్రీ "బైక్ మీంచి పడ్డాడు" అని రాయిస్తాడు. ఆ ఒక్క ముక్క తర్వాత రెండేళ్లు వెంటాడుతుంది. కర్నూలు పెద్దాసుపత్రి అయినా, కడప రిమ్స్ అయినా, అనంతపురం సర్వజన ఆసుపత్రి అయినా, చేర్చే చీటీలో "ఫలానా చోట పనిచేస్తుండగా" అని ఉందో లేదో ఇంట్లోవాళ్లు ఆ రోజే చదివి చూడాలి. రోగి తాగి ఉన్నాడని ఎవరైనా అన్నారేమో కూడా గమనించండి. తాగిన మత్తు వల్లనే ప్రమాదం జరిగిందని నిరూపిస్తే యజమాని తప్పించుకోవచ్చు. చావు, పూర్తి శాశ్వత వైకల్యం వంటి సందర్భాల్లో మాత్రం ఆ సాకు కూడా పనికిరాదు.

"వాడే చూసుకోకుండా చెయ్యి పెట్టాడు" అనే మాటకు మాత్రం ఈ చట్టంలో విలువ లేదు. కార్మికుడు అజాగ్రత్తగా ఉన్నా పరిహారం ఇవ్వాల్సిందే. కావాలని భద్రతా నియమం మీరాడని, మిషన్‌కున్న రక్షణ తొడుగును తెలిసి తెలిసి తీసేశాడని రుజువైతే అది వేరే సంగతి. ఆ తొడుగు తీయించింది పని తొందరగా కావాలని సూపర్‌వైజరే అయితే, ఆ మాట చెప్పగల తోటి పనివాడి పేరు రాసి పెట్టుకోండి.

దాచుకోవాల్సినవి ఇవి: పోలీసు ఫిర్యాదు కాపీ, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు, ప్రతి మందుల బిల్లు, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, జీతం అందినట్టు చూపే ఏదైనా ఆధారం. యజమానికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకుంటే చాలు.

వైద్యం ఖర్చు విడి. పనిలో తగిలిన గాయానికి అయిన అసలు వైద్య ఖర్చంతా యజమాని తిరిగి ఇవ్వాలి. దాన్ని పరిహారంలో కోయకూడదు. "ఆసుపత్రికి 80,000 నేనే కట్టాను కదా, అది పోగా మిగతాది ఇస్తా" అని ఓనరు అంటే ఒప్పుకోవద్దు. చికిత్సకు ఇచ్చిన డబ్బు పరిహారం కిందికి రాదని చట్టంలోనే రాసి ఉంది.

నెల జీతం ఎలా తేలుస్తారు

ఒకే యజమాని దగ్గర ఏడాదిగా ఆగకుండా పనిచేస్తుంటే ఆ 12 నెలల సంపాదనను 12తో భాగిస్తారు. నెల కూడా కాలేదంటే, అదే పని చేసే మరో కార్మికుడి సగటు సంపాదన చూస్తారు. ఈ రెండూ కుదరనప్పుడు, చివరిగా ఆగకుండా పనిచేసిన కాలంలో వచ్చిన కూలీని ఆ రోజుల సంఖ్యతో భాగించి 30తో గుణిస్తారు. బండకు ఇంతని, అడుగుకు ఇంతని ముట్టే కూలీకి కూడా ఇదే పద్ధతి.

కూలీతో పాటు తిండి, గది లాంటివి యజమాని ఇస్తుంటే, డబ్బులో లెక్కకట్టగలిగిన సౌకర్యం కూడా పాత చట్టం ప్రకారం జీతంలో భాగమే. ప్రయాణ భత్యం, పీఎఫ్‌కు యజమాని కట్టే వాటా కలవవు.

జీతం ఎంత ఎక్కువైనా లెక్కకు తీసుకునే గరిష్ఠం నెలకు 15,000 రూపాయలు. 2020 జనవరి 3న కేంద్రం ఈ పరిమితిని నోటిఫై చేసింది. అంతకుముందు అది 8,000. మీకు 22,000 జీతమున్నా లెక్క 15,000 మీదే సాగుతుంది. ఈ పరిమితి ఇంకా పెరగాల్సి ఉందని నా గట్టి అభిప్రాయం. బండ పాలిష్ యూనిట్‌లో అనుభవమున్న ఆపరేటర్ నిజ సంపాదనకు, ఈ అంకెకు మధ్య తేడా ఎక్కువే.

మన దగ్గర కూలీ చేతికి చేతికి అందుతుంది, కాగితం ఉండదు. అప్పుడు యజమాని తరఫు వాళ్లు "రోజుకు 250 ఇచ్చేవాళ్లం" అంటారు. ఫోన్‌పే, గూగుల్‌పేలో కూలీ వేసి ఉంటే ఆ స్క్రీన్‌షాట్లు, బ్యాంకు స్టేట్‌మెంటు బంగారం లాంటివి. అవి లేకుంటే అదే షెడ్‌లో అదే పని చేసేవాళ్ల సాక్ష్యం, ఆ పనికి ప్రభుత్వం నోటిఫై చేసిన కనీస వేతనం ఆధారంగా వాదించాలి.

వయసు, ఫ్యాక్టర్

ప్రమాదం నాటికి ఎన్నేళ్లు నిండాయో చూస్తారు. వయసుకో ఫ్యాక్టర్, అంటే లెక్కలో గుణించాల్సిన అంకె, ఉంటుంది. 20 ఏళ్లకు 224.00, 25కు 216.91, 30కి 207.98, 35కు 197.06, 40కి 184.17, 45కు 169.44, 50కి 153.09, 55కు 135.56, 60కి 117.41. అరవై అయిదు, ఆపైన 99.37. మధ్య వయసులకు కూడా ఒక్కో ఏడాదికి ఒక్కో అంకె చట్టం షెడ్యూల్‌లో ఉంది.

వయసు పెరిగే కొద్దీ ఫ్యాక్టర్ తగ్గుతుంది. అందుకే ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుపడితే నేరుగా డబ్బు పోతుంది. నిజానికి 35 నిండిన మనిషికి ఆధార్‌లో 40 అని ఉందనుకోండి. 15,000 జీతం మీద పూర్తి వైకల్యానికి 1,16,010 రూపాయల తేడా వస్తుంది. నమోదు చేసినవాళ్లు అందాజుగా జనవరి 1 అని కొట్టిన ఆధార్‌లు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. బడికి పోయిన రికార్డు, టీసీ ఉంటే వాటిని ముందుగానే వెతికి తీయండి.

శాతం: అసలు గొడవంతా ఇక్కడే

పూర్తి శాశ్వత వైకల్యానికి సూత్రం ఇది: నెల జీతంలో 60 శాతం, దాన్ని ఫ్యాక్టర్‌తో గుణించాలి. పాత చట్టంలో ఇలా వచ్చిన మొత్తం 1,40,000 కన్నా తక్కువైతే 1,40,000 ఇవ్వాలి. మరణమైతే 60కి బదులు 50 శాతం.

పాక్షిక శాశ్వత వైకల్యమైతే పై మొత్తంలో శాతం వేస్తారు. ఏ అవయవం పోతే ఎంత శాతమో చట్టం జాబితా ఇచ్చింది. మన ప్రాంతపు పనుల్లో ఎక్కువగా తగిలేవి చెబుతాను. ఒక అరచెయ్యి మొత్తం పోతే 60. బొటనవేలు పోతే 30. ఒకే చేతి నాలుగు వేళ్లు పోతే 50, మూడైతే 30, రెండైతే 20. చూపుడువేలు పూర్తిగా పోతే 14, మధ్యవేలు 12, ఉంగరపు వేలు గానీ చిటికెన వేలు గానీ 7. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40. కన్ను ఉండి చూపు మాత్రమే పోతే 30. రెండు చేతులూ పోవడం, పని చేయలేనంతగా రెండు కళ్ల చూపూ పోవడం, పూర్తి చెవుడు వంటివాటికి 100.

తాడిపత్రి పాలిష్ యూనిట్‌లో 35 ఏళ్లు నిండిన కార్మికుడు ఉన్నాడనుకుందాం. నెల సగటు 14,000. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. 14,000లో 60 శాతం 8,400. దాన్ని 197.06తో గుణిస్తే 16,55,304. అందులో 20 శాతం 3,31,060 రూపాయలు. ఇలాంటి గాయానికి 50,000 ఇస్తామనే మాట వస్తే, అది చట్టం చెప్పిన దానిలో ఆరో వంతు కూడా కాదని ఈ లెక్క చెబుతోంది.

జాబితాలో లేని గాయాలున్నాయి. వెన్నుపూస దెబ్బతినడం, తుంటి విరగడం, చెయ్యి ఉండీ పైకి లేవకపోవడం లాంటివి. వీటికి "సంపాదన శక్తి ఎంత తగ్గింది" అనేదాన్ని అర్హత గల వైద్యుడు తేల్చాలి. ఇక్కడే పెద్ద మోసమో, పెద్ద పొరపాటో జరుగుతుంది. ప్రభుత్వ వైద్యులు ఇచ్చే వైకల్య ధృవపత్రం, అంటే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం అని ఉంటే అది శరీర వైకల్యం శాతం. సంపాదన శక్తి నష్టం అది కాదు. రాయి మోసే హమాలీకి వెన్ను 40 శాతం పాడైతే, అతను ఆ పనిలో మళ్లీ సంపాదించేది దాదాపు ఏమీ ఉండదు. అదే గాయం ఆఫీసు గుమాస్తాకైతే వేరు.

సుప్రీంకోర్టు ఈ సంగతి 1975లోనే ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో తేల్చింది. మోచేతి పైన ఎడమ చెయ్యి పోయిన వడ్రంగి అతను. ఒక చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అది పూర్తి వైకల్యమేనని కోర్టు చెప్పింది. మీ వకీలు ఈ తీర్పు ఎత్తకపోతే మీరే గుర్తుచేయండి.

తేడా ఎంతో చూడండి. 28 ఏళ్ల హమాలీ, లెక్కకు 15,000 జీతం. 9,000ను 211.79తో గుణిస్తే 19,06,110. డాక్టరు కాగితం "40 శాతం వైకల్యం" దగ్గరే ఆగితే 7,62,444. ఆ పనికి ఇక పనికిరాడని సాక్ష్యంతో నిలబెడితే పూర్తి 19 లక్షల పైచిలుకు. పదకొండు లక్షలకు పైగా ఒక్క డాక్టరు సాక్ష్యం మీద ఆధారపడి ఉంది. అందుకే డాక్టరును వైకల్యం శాతం మాత్రమే అడగకండి. "ఈ మనిషి ఇంతకుముందు ఏ పని చేసేవాడు, ఇప్పుడు ఆ పని చేయగలడా, లేదా" అన్నది కాగితం మీద రాయమనండి. అవసరమైతే విచారణకు వచ్చి చెప్పగలరా అని కూడా ముందే అడగండి.

ఇదే గాయం ఈఎస్ఐలో ఎలా ఉంటుందో పోల్చాలి. రెండు వేళ్లు పోయిన కార్మికుడి రోజు సగటు సుమారు 467 అనుకుంటే, అందులో 90 శాతం 420. 20 శాతం నష్టానికి రోజుకు 84 రూపాయలు, నెలకు 2,500 చిల్లర. అది జీవితాంతం వస్తుంది. పదకొండేళ్లకు డబ్ల్యూసీ మొత్తానికి సమానమవుతుంది, ఆ తర్వాత దాటిపోతుంది. వయసులో ఉన్నవాళ్లకు ఈఎస్ఐ చిన్నచూపు చూడాల్సినది కాదు. ఒకేసారి పెద్ద మొత్తం రాకపోవడమే అందులో బాధ.

బండ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్ కూడా వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. ఏళ్ల తరబడి పనిచేశాక బయటపడుతుంది కాబట్టి, ఏ ఏ యజమానుల దగ్గర ఎన్నేళ్లు చేశారో రాసి పెట్టుకోవాలి. టీబీ అనుకుని మందులు మింగుతూ పోతే పరిహారం మాటే రాదు. దుమ్ములో పనిచేస్తున్నానని డాక్టరుకు మొదటి రోజే చెప్పండి.

మంచాన ఉన్న రోజులకు

తాత్కాలికంగా పనికి పోలేకపోతే ప్రతి అర నెలకు జీతంలో 25 శాతం ఇవ్వాలి. 14,000 జీతానికి అర నెలకు 3,500, అంటే నెలకు 7,000. మూడు రోజుల కన్నా ఎక్కువ పోతేనే ఇది వర్తిస్తుంది. 28 రోజులు, అంతకుమించి పనికి పోలేకపోతే ప్రమాదం నుంచి 16వ రోజున మొదటి చెల్లింపు అందాలి. గరిష్ఠంగా అయిదేళ్లు. మధ్యలో తేలిక పనికి పోయి కొంత సంపాదిస్తే ఆ మేరకు తగ్గవచ్చు. ప్రమాదానికి ముందు నెల జీతంలో సగానికి, ఇప్పటి నెల సంపాదనలో సగానికి ఉన్న తేడాను అర నెల చెల్లింపు మించకూడదు. 14,000 బదులు 10,000 వస్తుంటే 3,500కి బదులు 2,000 వస్తుంది.

ఈఎస్ఐలో ఇదే కాలానికి జీతంలో 90 శాతం వస్తుంది. ఈ విషయంలో ఈఎస్ఐ ఎంతో మెరుగు.

శాశ్వత వైకల్యానికి ఒకేసారి డబ్బు రాకముందు పరిహారం పేరున ఏమైనా ముట్టి ఉంటే, దాన్ని ఆ మొత్తంలోంచి తీసేస్తారు. మందుల డబ్బు మాత్రం తీయరు.

వడ్డీ, జరిమానా

పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ. పాత చట్టం ప్రకారం నెలలోపు ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ పడుతుంది. కొత్త కోడ్‌లో రేటును కేంద్రం రూల్స్ ద్వారా చెబుతుంది. 3,31,060 మీద 12 శాతం అంటే నెలకు 3,310. ఏడాదిన్నర ఆలస్యమైతే దాదాపు 59,590. సమర్థించే కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా జరిమానా కూడా వేయవచ్చు. బీమా ఉంటే, పాలసీ షరతులు అడ్డురాకపోతే వడ్డీ బీమా కంపెనీ కట్టాలి. జరిమానా మాత్రం యజమాని జేబులోంచే. ఓనరు రాజీకి దిగేది చాలాసార్లు ఈ ఒక్క భయం వల్లే. నోటీసులో జరిమానా మాట రాయించండి.

పంచాయితీకి కూర్చునే ముందు

మన దగ్గర పనిలో దెబ్బ తగిలిన కేసుల్లో ఎక్కువ భాగం ఊరి పెద్దల ముందే ముగుస్తాయి. "కేసు వేస్తే పదేళ్లు తిరుగుతావు నాయనా, ఇప్పుడిచ్చింది తీసుకో" అనే మాట నిజమని నమ్మి స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేస్తారు. ఆ కాగితంలో "ఇక మీదట ఏ హక్కూ లేదు" అని ఉంటుంది. అలాంటి మాట చెల్లదు. కార్మికుడు తన పరిహార హక్కును వదులుకునేలా లేదా తగ్గించుకునేలా రాసుకున్న ఒప్పందం ఆ మేరకు శూన్యమని చట్టం చెబుతోంది. నిజంగా రాజీ పడాలనుకుంటే ఒప్పందాన్ని పరిహార కమిషనర్ (కార్మిక శాఖలో ఈ కేసులు వినే అధికారి) దగ్గర రిజిస్టర్ చేయించాలి. మొత్తం అన్యాయంగా తక్కువ ఉంటే ఆయన తిరస్కరించగలరు. ఓనరు అందుకు ఒప్పుకోకపోతే ఆ అంకెలో ఏదో దాగుందని అర్థం చేసుకోండి.

ఇప్పటికే సంతకం పెట్టేసి 40,000, 50,000 తీసుకున్నవాళ్లు కూడా ఆశ వదులుకోవద్దు. కేసు వేయవచ్చు. ముట్టిన డబ్బును లెక్కలో తీసేస్తారు, అంతే.

"మావాడు కాదు, కాంట్రాక్టరు మనిషి" అనే మాటకు కూడా జవాబుంది. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు ఇచ్చిన అసలు యజమాని కూడా బాధ్యుడే. సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగ్ కాంట్రాక్టరు కనబడకుండా పోయినా కేసులో ఫ్యాక్టరీని ప్రతివాదిగా పెట్టండి. ఇచ్చిన డబ్బు కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం వాళ్ల పని.

కేసు ఎక్కడ, ఎప్పటిలోపు

కార్మిక శాఖలో ఈ అధికారం ఉన్న అధికారి దగ్గర దరఖాస్తు వేయాలి. ప్రమాదం జరిగిన చోట వేయవచ్చు, లేదా మీరు మామూలుగా నివసించే ప్రాంతంలో వేయవచ్చు. రెండో మాట మన ప్రాంతానికి ఎంతో ముఖ్యం. కోసిగి, పెద్దకడబూరు వైపు నుంచి బెంగళూరుకు వలస వెళ్లి అక్కడి కట్టడం మీంచి పడిపోయిన కూలీ, కాలు విరిగిన కాలంలో బెంగళూరు చుట్టూ తిరగనక్కర్లేదు. సొంత జిల్లాలోనే వేయవచ్చు.

గడువు పాత చట్టంలో 2 ఏళ్లు. ఏ చట్టమైనా సరే, ఆ రెండేళ్లు దాటనివ్వకుండా ముందే వేసేయండి.

ఫీజు భారం అనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. పారిశ్రామిక కార్మికులకు, వికలాంగులకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఉచితంగా వకీలును ఇస్తుంది. కర్నూలు, అనంతపురం, కడప మూడింటిలోనూ జిల్లా కోర్టు ఆవరణలో దాని కార్యాలయం ఉంటుంది. ఫోన్‌లో అడగాలంటే 15100. వచ్చిన దాంట్లో సగం ఇవ్వమనే మధ్యవర్తికి ఒప్పుకునే ముందు ఈ నంబర్‌కు ఒకసారి ఫోన్ చేయండి. కార్మికుడు గెలిచాక యజమాని హైకోర్టుకు అప్పీలు వెళ్లాలంటే ముందు పరిహారం మొత్తం డిపాజిట్ చేయాలి. ఆ నియమం మీకు బలం.

పరిహారం డబ్బును అప్పులవాళ్లు జప్తు చేయించలేరు. ఎవరికీ రాసివ్వడానికి కూడా వీల్లేదు.

పన్ను పడుతుందా

ఈ ప్రశ్న డబ్బు ఖాతాలో పడ్డాక మొదలవుతుంది, ఎవరో ఒకరు భయపెడతారు. ముక్కలు విడదీసి చూడాలి.

ఒకేసారి వచ్చే పరిహారం శరీరానికి, సంపాదన శక్తికి జరిగిన నష్టానికి బదులుగా వచ్చిన మొత్తం. అది ఆదాయం కాదు, మూలధన రాబడి. దాని మీద పన్ను ఉండదు. పనిలోంచి తీసేసినప్పుడు వచ్చే పరిహారానికి 5,00,000 మినహాయింపు అని వేరే నిబంధన ఉంది, దానితో దీన్ని కలపకండి. ఆసుపత్రి బిల్లులకు తిరిగి వచ్చిన డబ్బు కూడా ఖర్చు తీర్చడమే.

సెలవులో ఉన్న కాలానికి యజమాని పూర్తి జీతం ఇస్తుంటే అది మామూలు జీతమే, జీతం లెక్కలోనే చూపాలి. అర నెల చెల్లింపుల్లాంటివి మన కూలీల స్థాయిలో పన్ను పరిమితి దరిదాపుల్లోకే రావు. 2025-26 కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు, 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటుతో కట్టాల్సింది సున్నా అవుతుంది.

జాగ్రత్త పడాల్సింది వడ్డీ దగ్గర. పరిహారం మీద వచ్చే వడ్డీని అందిన సంవత్సరపు ఆదాయంగా చూస్తారు. అందులో సగం మినహాయింపు ఉంది. పైన చెప్పిన 59,590లో 29,795 మాత్రమే లెక్కకు వస్తుంది. ఇది 1961 చట్టంలో ఉన్న లెక్క. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం దాని స్థానంలోకి వచ్చింది కాబట్టి సెక్షన్ నంబర్లు మారాయి.

ఆ వడ్డీ ఇచ్చేటప్పుడు బీమా కంపెనీ టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, కోయవచ్చు. పాన్ ఇస్తే 10 శాతం, అంటే 5,959. పాన్ లేకపోతే 20 శాతం, అంటే 11,918. పాన్ లేని ఒక్క కారణానికి రెట్టింపు పోతుంది. తిరిగి రావాలంటే రిటర్న్ వేయాలి, దానికీ పాన్ కావాలి. కాబట్టి తీర్పు రాకముందే పాన్ తీసుకోండి, ఆధార్‌తో కలపండి. కోత పడితే ఆ ఏడాది రిటర్న్ వేసి తిరిగి రాబట్టుకోండి, వదిలేయకండి.

డబ్బును బ్యాంకులో ఫిక్స్‌డ్ వేస్తే దాని వడ్డీ మామూలు వడ్డీయే. ఏడాదికి 50,000 దాటితే బ్యాంకు టీడీఎస్ కోస్తుంది, సీనియర్ సిటిజన్లకైతే 1,00,000 దాటాక. మొత్తం ఆదాయం మీద కట్టాల్సింది ఏమీ లేకపోతే, పన్ను కోయవద్దని ఇచ్చే స్వీయ ప్రకటన ఫారం ముందే బ్యాంకులో ఇవ్వండి. చాలామంది దాన్ని 15జి అంటారు.

40 శాతం, ఆపైన వైకల్యానికి పాత పన్ను విధానంలో 75,000, 80 శాతం, ఆపైనైతే 1,25,000 తగ్గింపు ఉంది. కొత్త విధానంలో అది రాదు. కుటుంబంలో జీతం ఎక్కువున్నవాళ్లు ఉంటేనే దీన్ని లెక్కేసుకోవాలి.

పరిహారంతో సంబంధం లేకుండా రావాల్సినవి

బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలు కోసే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందేమో పాస్‌బుక్‌లో చూడండి. ఒక కన్ను, ఒక చెయ్యి, లేదా ఒక కాలు శాశ్వతంగా పోతే 1,00,000. రెండూ పోతే 2,00,000. ఇది పరిహారానికి అదనం. దాన్ని చూపించి ఓనరు తగ్గించడానికి వీల్లేదు. సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం వైకల్యం ఉంటే రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 పింఛను, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000. సచివాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. డబ్ల్యూసీ కేసు నడుస్తున్నా ఈ రెండింటికీ ఈ రోజే పోవచ్చు, ఒకదాని కోసం మరొకటి ఆపుకోనక్కర్లేదు.